చీమ దాటని గీత

పల్నాడులో ఇంటి గడపకు ఇప్పుడు మూడు పూతలు. పసుపు, కుంకుమ, ఆ మీదట సైపర్‌మెత్రిన్. మొదటి రెండూ లక్ష్మీదేవి లోపలికి రావడానికి, మూడోది చీమ రాకుండా ఉండడానికి. నరసరావుపేట వీధుల్లో చూడండి, మాచర్ల నాపరాళ్ళ అరుగుల మీద చూడండి, గురజాల చుట్టుపక్కల పల్లెల పంచల్లో చూడండి, తెల్లటి సుద్దగీత ఒకటి కనబడుతుంది. గడప పొడుగునా ఒకటి, పొయ్యి గట్టు చుట్టూ ఒకటి, పంచదార డబ్బా కింద సున్నాలాగా ఒకటి, కొన్ని ఇళ్ళలో పసిబిడ్డ పడుకునే మంచం కోళ్ళ చుట్టూ నాలుగు. ఆ గీత దగ్గరికొచ్చిన చీమ ఆగి, ఆలోచించుకుని, బుద్ధిగా వెనక్కి తిరుగుతుందని ఇంటిల్లిపాదికీ నమ్మకం. ఒకప్పుడు ఇదే గడప ముందు బియ్యప్పిండితో ముగ్గు పెట్టేవాళ్ళు. పొద్దెక్కేసరికి ఆ పిండిని చీమలు మోసుకుపోతే పుణ్యమనుకునేవాళ్ళు. తర్వాత బియ్యప్పిండి పోయి ముగ్గురాయి పొడి వచ్చింది, చీమకు కూడు పోయింది. ఇప్పుడు ముగ్గే మందైంది. అన్నదానం నుంచి విషప్రయోగం దాకా నడిచొచ్చాం, అదీ అదే గడప దగ్గర, అలాగే నడుం వంచి.

చీమను చంపడం పాపమని చెప్పడానికి ఈ వ్యాసం కాదు. నాగార్జునకొండ మన జిల్లాలోనే ఉన్నా, అహింస గురించి బుద్ధుడు చెప్పాక నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నా అభ్యంతరం పాపం దగ్గర కాదు, పని దగ్గర. ఈ మందుతో చీమలు పోవడం లేదు. కనబడే చీమలు పోతున్నాయి. ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడా మీదే సుద్దముక్కలు, పొడి పొట్లాలు, స్ప్రే డబ్బాలు, చేనుకు కొట్టగా మిగిలిన మందు సీసాలు అన్నీ బతుకుతున్నాయి.

ముందు సుద్దముక్క సంగతి. దానికి లక్ష్మణరేఖ అని పేరు పెట్టినవాడి ధైర్యాన్ని మెచ్చుకోవాలి. వాల్మీకి రామాయణంలో ఆ గీత లేదు, తర్వాతి కథల్లోకి వచ్చింది. వచ్చిన ప్రతి కథలోనూ అది చేసిన పని ఒక్కటే, ఓడిపోవడం. గీసినాయన అటు వెళ్ళాడో లేదో లోపలున్నావిడ బయటికొచ్చింది, బయటున్నవాడు ఎత్తుకుపోయాడు, చివరికి లంక తగలబడింది. అంతటి చరిత్ర ఉన్న పేరును ఏరికోరి తెచ్చి ‘ఇది దాటదు’ అని అమ్ముతుంటే మనం రామాయణమంతా విన్నవాళ్ళమై కూడా కొంటున్నాం. ఆ పేరు మీద సుప్రీంకోర్టు దాకా దావా నడిచిందని చాలామందికి తెలియదు. 2004 జనవరిలో మైడాస్ హైజీన్ ఇండస్ట్రీస్ కేసులో, ఆ పేరును పోటీదారు వాడకుండా ఆపే ఉత్తర్వును సుప్రీంకోర్టు పునరుద్ధరించింది. ట్రేడ్‌మార్కు తగాదాల్లో వకీళ్ళు ఇప్పటికీ చూపించే తీర్పు అది. ఒక వ్యాపారి ఇంకొక వ్యాపారి గీత దాటకుండా ఉండడానికి దేశంలో అత్యున్నత న్యాయస్థానం కావలసి వచ్చింది. చీమకు మాత్రం ఉత్త సుద్దముక్క చాలట. ఇంతాచేసి అందులో ఎక్కువ భాగం సుద్దే, పిసరంత సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటి మందు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల ఎదుట కాపురముంటున్న జనానికి సుద్ద అమ్మగలిగారంటే ఆ అమ్మకందార్లు సామాన్యులు కారు. ఇలాంటి చైనా సుద్దముక్కలు అమ్మడం అమెరికాలో చట్టవిరుద్ధం. బడి సుద్దముక్క అనుకుని పిల్లలు నోట్లో పెట్టుకుంటారని అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ హెచ్చరిస్తుంది. మన దగ్గర ఆ పోలికే దాని సుగుణం. గీయడం ఎవరికీ నేర్పక్కర్లేదు కదా.

చీమ బారు కట్టి ఎందుకు నడుస్తుందో తెలిస్తే గీత ఎందుకు ఓడుతుందో తెలిసిపోతుంది. ఎక్కడో బెల్లం ముక్క దొరికిన చీమ పుట్టకు తిరిగి వెళుతూ పొట్ట కొసను నేలకు ఆనించి వాసన పూసుకుంటూ పోతుంది. రెండోది ఆ వాసన పట్టుకుని వస్తుంది, తనూ పూస్తుంది. బెల్లం అయిపోతే పూసేవాళ్ళుండరు, వాసన ఆరిపోతుంది, దారి మూతపడుతుంది. ఈ దారికి అడ్డంగా సుద్ద గీస్తే ఆ పొడి వాసనను కప్పేస్తుంది. చీమలు కాసేపు తికమకపడి అటూ ఇటూ తిరుగుతాయి. దాన్ని చూసి మనం ‘ఆగిపోయాయి’ అంటాం. అవి ఆగలేదు, పక్కదారి వెతుకుతున్నాయి. గీత తొక్కిన కొన్ని చస్తాయి, ఆ శవాల్ని చూసి మనకు ధైర్యమొస్తుంది. ఇంతకీ చచ్చినవి ఎవరు? బయట తిరిగే చీమలన్నీ ఆడవే, అందులోనూ వయసు మళ్ళినవి. పుట్టలో పుట్టిన చీమ వయసులో ఉన్నన్నాళ్ళూ లోపలే ఉండి పిల్లల్ని సాకుతుంది. ముదిరేకొద్దీ వాకిలి వైపు జరుగుతుంది. ప్రాణానికి పూచీ లేని మేత పని ఆఖర్న చేపడుతుంది. మనుషులు యుద్ధానికి కుర్రాళ్ళను పంపితే చీమలు ముసలమ్మల్ని పంపుతాయని చీమల శాస్త్రవేత్త ఇ.ఓ. విల్సన్ చమత్కరించాడు. కారంపూడిలో వీరుల గుడి కట్టుకున్న పల్నాటి పౌరుషం ఇవాళ అరుగు మీద గెలుస్తున్న యుద్ధం ఇదీ, నేడో రేపో తమంతట తామే పోయే ముసలమ్మల మీద. గుడ్లు పెట్టే రాణి లోపల క్షేమంగా ఉంది. ఐరోపాలో మామూలుగా కనబడే నల్లచీమ జాతిలో ఒక రాణి పెంపకంలో 28 ఏళ్ళకు పైగా బతికింది. మన అరుగుల కింది రాణులన్నీ అంతకాలం బతుకుతాయని కాదు, సుద్దముక్క కన్నా ఎక్కువే బతుకుతాయి.

‘మందు చల్లాం, చచ్చాయి, కళ్ళారా చూశాం’ అంటారు. కళ్ళారా చూడబట్టే ఇంత మోసం. చచ్చినవి కళ్ళముందు ఉంటాయి, బతికినవి రాయి కింద ఉంటాయి, లెక్కంతా కళ్ళముందున్న వాటిదే. రెండు మూడు రోజులు బారు కనబడకపోతే అది మందు గొప్ప. నాలుగో రోజు కిటికీ పక్కనుంచి కొత్త బారు వస్తే అది చీమ తప్పు, మందు తప్పు మాత్రం కాదు, ‘ఇంకాస్త గట్టిగా చల్లాలి’ అంతే. ఏం జరిగినా తనే గెలిచే ఇలాంటి మందుకు పరీక్ష పెట్టడం బ్రహ్మదేవుడి వల్ల కూడా కాదు. దీని మీద ఇంకో తమాషా ఉంది. ఇళ్ళలో తిరిగే చిన్న చీమల జాతుల్లో కొన్నింటికి ఒక్క పుట్టలోనే చాలామంది రాణులు. ఫారో చీమ అనే పసుపుపచ్చని చిన్న చీమ ఇందులో పేరుమోసింది. ఘాటైన స్ప్రే తగిలిందా, ఆ కాపురం చెదిరి ముక్కలవుతుంది. తలా ఒక రాణిని, కొన్ని పిల్లల్ని వెంటబెట్టుకుని ఒక గుంపు స్విచ్ బోర్డులోకి, ఒక గుంపు గోడ బీటలోకి, ఒక గుంపు బట్టల అలమరలోకి వేరు కాపురాలు పెడతాయి. డబ్బా ఖాళీ చేసి వేరు కాపురాలు పెట్టించడానికి డబ్బిచ్చిన ఇల్లు మనది. శివుడి ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదనే సామెత మనకుంది. ఆ శివుడు కోటప్పకొండ మీద ఉన్నాడు, ఆనందవల్లి అనే భక్తురాలి శాపం వల్ల ఆ కొండ మీద కాకి వాలదంటారు. చీమలకు కూడా అలాంటి శాపం తగిలిందని మాత్రం ఎవరూ చెప్పరు. కాకిని ఆపిన కొండే చీమ జోలికి పోలేదు, మనం పొట్లాలతో పోతున్నాం.

చీమల మీద మందుతో యుద్ధం చేసి ఓడిన పెద్ద కథ అమెరికాది. దక్షిణ అమెరికా నుంచి ఓడల్లో వచ్చిన నిప్పుచీమ దక్షిణాది రాష్ట్రాల్లో పాకుతుంటే, దాన్ని సమూలంగా నాశనం చేస్తామని 1957లో అక్కడి ప్రభుత్వం విమానాలతో హెప్టాక్లోర్, డైఎల్డ్రిన్ చల్లించడం మొదలుపెట్టింది. పిట్టలు చచ్చాయి, చేపలు చచ్చాయి, పశువులు చచ్చాయి. రేచల్ కార్సన్ 1962లో ‘సైలెంట్ స్ప్రింగ్’ రాస్తే అందులో ఈ ఘనకార్యానికీ చోటు దక్కింది. తర్వాత మైరెక్స్ అనే ఇంకో మందు తెచ్చి ఏళ్ళ తరబడి చల్లారు, 1970ల చివర్లో దాన్నీ ఆపేశారు. నిప్పుచీమ పోకపోగా విస్తరించింది. కారణం పెద్ద మర్మం కాదు. మందు నిప్పుచీమనే కాదు, దాన్ని పక్కకు నెట్టగల స్థానిక చీమలనూ చంపింది. ఖాళీ అయిన నేలను ముందుగా ఆక్రమించింది వలసచీమే. ఒక దేశపు ఖజానా, వైమానిక బలం కలిసి చేయలేనిదాన్ని మనం కిరాణా కొట్టు నుంచి తెచ్చిన పొట్లంతో సాధిద్దామని చూస్తున్నాం. 2022లో హాంకాంగ్, జర్మనీ పరిశోధకులు వేసిన అంచనా ప్రకారం భూమ్మీద చీమలు రెండు వందల కోటి కోట్లు, అంటే మనిషికి సుమారు 25 లక్షలు. మీ వాటాకొచ్చిన 25 లక్షల్లో ఈ ఉదయం మీరు చంపినవి ఎన్ని?

అమెరికా దాకా ఎందుకు, ఈ పాఠం పల్నాడుకు ఎవరో బయటినుంచి వచ్చి చెప్పవలసింది కాదు. పత్తి రైతు దీన్ని అప్పు చేసి మరీ నేర్చుకున్నాడు. 1980ల మొదట్లో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు పత్తిచేలలోకి వచ్చాయి. సుద్దముక్కలో ఉన్న సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ ఆ కుటుంబానివే. మొదట్లో మహాద్భుతం, కొడితే పురుగు రాలింది. పురుగుతో పాటు పురుగును తినే అక్షింతల పురుగులు, సాలీళ్ళు, కందిరీగలు కూడా రాలాయి, అవి రాలడం ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ దశకం మధ్యకు వచ్చేసరికి గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడింది. వెనకాలే శనగపచ్చ పురుగు మందుకు అలవాటుపడి, ఎంత కొట్టినా చావని స్థితికి వచ్చింది. 1987-88లో అప్పుల్లో మునిగిన పత్తి రైతులు ఆ జిల్లాల్లో ఆత్మహత్యలు చేసుకున్నారు. పల్నాడు అప్పుడు గుంటూరు జిల్లాలో భాగం, 2022 ఏప్రిల్‌లో వేరు జిల్లా అయింది. 2021లో మిరపతోటల మీద నల్ల తామర పురుగు పడింది. పూలల్లో దూరి కూర్చున్న ఆ పురుగు మీద మందు మీద మందు కొట్టిన తోటలు కూడా దక్కలేదు. శాస్త్రవేత్తలు చివరికి చెప్పింది నీలిరంగు జిగురు అట్టలు పెట్టమని, వేపనూనె వాడమని, మందుల జోరు తగ్గించమని. చేలో రెండుసార్లు ఓడిన తర్కమే ఇది. కనబడినదాన్ని చంపు, కనబడనిదాన్ని మరిచిపో, మళ్ళీ వస్తే ఇంకాస్త ఘాటుగా చంపు. దాన్నే ఇప్పుడు సుద్దముక్క రూపంలో ఇంట్లోకి తెచ్చుకుని అగ్గిపెట్టె పక్కన పెట్టుకున్నాం.

సుద్దముక్క ఇంకా నయం. చేనున్న ఇంట్లో మెట్ల కింద మిగిలిపోయిన మందు సీసా ఒకటి ఉంటుంది. పత్తికి తెచ్చింది పారబోయడానికి మనసొప్పక, కాస్త నీళ్ళలో కలిపి అరుగు చుట్టూ చల్లుతారు. లేకపోతే కొట్టుకెళ్ళి ‘గమాక్సిన్’ అడుగుతారు. ఆ పేరుగల బీహెచ్‌సీని దేశంలో 1997లోనే నిషేధించారు. దాని తమ్ముడు లిండేన్ వాడకం 2013 మార్చితో ఆగిపోవాలి. లిండేన్ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో తేల్చింది. పొడిమందుగా చల్లిన మిథైల్ పారాథియాన్‌ను 2018 ఆగస్టులో నిషేధించారు. ఇళ్ళలో నువాన్ అని పిలుచుకునే డైక్లోర్‌వాస్‌కూ, గుళికల మందు ఫోరేట్‌కూ 2020 డిసెంబర్ ఆఖరుతో చెల్లు. అంటే ‘చీమల మందు’ అని మనం నోటితో అడిగే పేర్లు చాలావరకు చట్టం దృష్టిలో ఎప్పుడో పోయిన మందులవి. పోయిన మందు పేరు చెబితే కొట్టులో ఏదో ఒక పొడి కాగితం పొట్లంలో కట్టిస్తారు. అందులో ఏముందో ఇచ్చినవాడికీ తెలియదు, పుచ్చుకున్నవాడికీ తెలియదు. తెలిసేది చీమకు ఒక్కదానికే, అది చెప్పే స్థితిలో ఉండదు.

‘చేలో లీటర్లకు లీటర్లు కొడుతున్నాం, ఇంట్లో చిటికెడు చల్లితే ఏమవుతుంది?’ అనే వాదన పల్నాడులో బలంగా వినబడుతుంది, వినడానికి సబబుగానూ ఉంటుంది. కానీ చేలో ఎండ ఉంది, వాన ఉంది, మట్టిలో సూక్ష్మజీవులున్నాయి, అవన్నీ కలిసి మందును విరగ్గొడతాయి. గోడల మధ్య అవేవీ లేవు. పైరిత్రాయిడ్లు ఇంటి దుమ్ములో నెలల తరబడి నిలుస్తాయి. ఇంకో తేడా కూడా ఉంది. చేలో మందు కొట్టిన రోజు పసిబిడ్డను అక్కడ దేకనివ్వం. ఇంట్లో మందు గీసిన చోటే దేకనిస్తాం. దేకే పిల్లలకు చేతులు నేల మీద, నేల మీది చేతులు నోట్లో. ఇక చిటికెడు గురించి చెప్పాలంటే, ఈ దేశంలో 1968లో పురుగుమందుల చట్టం రావడానికి వెనక 1958 నాటి కేరళ విషాదం ఉంది. రవాణాలో పారాథియాన్ తగిలిన గోధుమపిండి తిని అప్పుడు వంద మందికి పైగా చనిపోయారు. 2013 జులైలో బీహార్ సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు, వంటనూనెలో కలిసింది మోనోక్రోటోఫాస్. ఈ రెండు చోట్లా ఎవరూ ఎవరినీ చంపాలనుకోలేదు. తినే వస్తువూ, మందూ ఒకే కప్పు కింద ఉన్నాయి, అంతే. మన వంటింట్లో పంచదార డబ్బా చుట్టూ గీసిన సున్నా సరిగ్గా ఆ కప్పు కిందే ఉంది.

మందు వద్దంటే వెంటనే సహజ పద్ధతుల భక్తులు లేచి నిలబడతారు. ఫోన్లలో తిరిగే వీడియోల ప్రకారం చీమకు పసుపంటే పడదు, కర్పూరమంటే పడదు, దాల్చినచెక్క, వెల్లుల్లి, నిమ్మతొక్క, కాఫీ పొడి ఏవీ పడవు. ఇన్ని పడని ప్రాణి ఆంధ్రుల వంటింట్లో ఎలా బతుకుతోందో ఎవరూ అడగరు. ఘాటువాసన దారి వాసనను కాసేపు కప్పుతుంది, వాసన తగ్గగానే దారి తెరుచుకుంటుంది. సుద్దముక్క చేసిన పనే ఇదీ. అయితే ఓడిపోవడమే ఖాయమైనప్పుడు పసుపుతో ఓడిపోవడం మేలు, ఆ మాట ఒప్పుకుంటాను. వీటన్నిటిలో నాకు బాగా నచ్చింది బొంబాయి రవ్వ సిద్ధాంతం. రవ్వ తిన్న చీమ నీళ్ళు తాగి, కడుపులో రవ్వ ఉబ్బి పేలిపోతుందట. ఎదిగిన చీమ గట్టి పదార్థం మింగలేదు. దాని నోట్లోనే వడపోత ఉంది, లోపలికి పోయేది రసమే. గట్టి తిండిని అది మోసుకెళ్ళి పుట్టలోని పిల్లలకు పెడుతుంది, వాటికే దాన్ని అరిగించుకునే శక్తి ఉంది. కాబట్టి రవ్వ చల్లిన ఇల్లాలు చీమల్ని పేల్చలేదు, వాటి అంగన్‌వాడీకి ఉప్మా పంపింది. ఇక గోడకు గుచ్చే అల్ట్రాసోనిక్ ప్లగ్గులంటారా, రుజువుల్లేని ప్రచారం చేయొద్దని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లోనే వాటి కంపెనీలకు హెచ్చరికలు పంపింది. చీమలకు ఆ ప్లగ్గు పక్కన వెచ్చగా ఉంటుంది.

ఒక అభ్యంతరం మాత్రం గట్టిది, దాన్ని నవ్వి దాటేయకూడదు. ఎర్రచీమ పసిబిడ్డను కుడితే దద్దుర్లొస్తాయి, కొందరికి ఊపిరాడని పరిస్థితీ రావచ్చు. ఆస్పత్రుల్లో ఫారో చీమలు రోగకారక బాక్టీరియాను మోస్తాయని బ్రిటన్‌లో 1970ల్లోనే తేలింది. 2022 సెప్టెంబర్‌లో ఒడిశా పూరీ జిల్లా బ్రాహ్మణసాహి పల్లెను వరద తీశాక ఎర్రచీమలు కమ్మేస్తే, జనం చుట్టూ మందుపొడి చల్లుకుని ఆ వలయం మధ్యలో కూర్చున్నారు, కొందరు ఊరు విడిచారు. అక్కడికొచ్చిన శాస్త్రవేత్తలు చెప్పింది రాణులను వెతికి పట్టుకోవాలని. పొడి వలయంతో పని జరిగేదైతే వాళ్ళు రావలసిన అవసరమే లేదు. చీమల్ని వదిలించుకోవలసిన సందర్భాలు ఉన్నాయి, కాదనను. వదిలించుకోవాలంటే మాత్రం మందు ముసలమ్మ దగ్గర ఆగకూడదు, రాణి దాకా పోవాలి, మోసుకెళ్ళేది ఆ ముసలమ్మే కావాలి. అందుకు మందు బలహీనంగా ఉండాలి. మన పల్నాటి బుద్ధికి మింగుడుపడనిది ఇదే. అర లీటరు నీళ్ళలో 50 గ్రాముల పంచదార, 5 గ్రాముల బోరిక్ పొడి, అంటే ఒక్క శాతం. తాగిన చీమ దారిలో చావకుండా ఇంటికి చేరి నోటితో నోటికి పంచుతుంది. మనవాళ్ళు ‘ఒక్క శాతమేనా’ అని పిడికెడు వేస్తారు, చీమ గిన్నె పక్కనే చస్తుంది, రాణికి కబురే అందదు, మనకు మాత్రం మళ్ళీ కళ్ళారా చూసిన తృప్తి. ఈ ఎర ఫలితం చూపడానికి వారం పది రోజులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. మొదటి రెండు రోజులు చీమలు ఇంకా ఎక్కువగా వస్తాయి, అప్పుడు స్ప్రే డబ్బా అందుకోకుండా చేతులు కట్టుకుని కూర్చోగలగాలి. చీమ దూరేంత రంధ్రం పెట్టిన మూత డబ్బాలో, పిల్లలకూ కుక్కలకూ అందని చోట ఉంచాలి, బోరిక్ కూడా తినే వస్తువు కాదు.

ఆ ఎర కూడా అవసరం లేని ఇళ్ళే ఎక్కువ. చీమ ఎందుకొచ్చిందని అడిగే అలవాటు మనకు ఏడు చేపల కథ చెప్పుకునే రోజుల్లో ఉండేది. చేప ఎండకపోవడం దగ్గర మొదలై, ప్రతివాణ్ణీ ‘ఎందుకు’ అని నిలదీసుకుంటూ పోయి, చివరికి పుట్టలో వేలు పెట్టినవాడి దగ్గరే ఆ విచారణ తేలింది. మన ఇళ్ళలో ఆ విచారణ చీమ దగ్గరే మొదలై చీమ దగ్గరే ఉరిశిక్షతో ముగుస్తోంది. రెంటచింతల ఎండ తగిలిన నేల మీద ఏ చీమైనా తడి వెతుక్కుంటుంది. కారే కుళాయి, ఆరని సింకు, కూలరు కింది చెమ్మ దానికి చలివేంద్రాలు. అరుగు మీది నాపరాళ్ళ సందుల్లో సిమెంటు లేచిపోయి మట్టి కనబడుతుంటుంది. ఆ సందుల్లో లేచే సన్నటి మట్టి కుప్పలను రోజూ చిమ్మడమే తప్ప ఎవరూ పూడ్చరు. పైన చల్లని రాయి, కింద మెత్తటి మట్టి, పక్కన వంటిల్లు. ఇంతకన్నా మంచి ఇంటిస్థలం ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు. కుండీలో మందారం మొగ్గల మీద చీమలు బారులు తీరితే చీమల మీద కొడతారు. పత్తి వేసిన ప్రతి రైతుకూ తెలుసు, చీమ అక్కడ పేనుబంక కోసమో పిండినల్లి కోసమో ఉంది, అవి కార్చే తీపి రసం తాగుతోంది. ఆ పిండినల్లిని సబ్బునీళ్ళతో కడిగితే చీమకు అక్కడ పనిలేదు. ఇంట్లో బారు నడిచిన దారిని కూడా అదే సబ్బునీళ్ళతో తుడిస్తే వాసన పోతుంది. సుద్దముక్క కాసేపు కప్పిపెట్టే దారి అక్కడితో చెరిగిపోతుంది. పైసా ఖర్చు లేదు కనుక దీనికి టీవీలో ప్రకటన రాదు.

అరుగు మీద ఒక్క చీమా ఉండకూడదనే పంతం కూడా వదులుకోదగిందే. చీమలు చెదల్ని వేటాడతాయి. తలుపు చెక్కను తినేది చెద, మనం చంపేది దాన్ని తినే చీమను. చైనాలో నారింజ తోటల రైతులు పురుగుల్ని తినడం కోసం చెట్టుచీమల గూళ్ళను సంచుల్లో పెట్టి అంగట్లో కొనుక్కునేవారని క్రీ.శ. 304 నాటిదిగా చెప్పే ఒక గ్రంథంలో ఉంది. పదిహేడు వందల ఏళ్ళ కింద ఒక రైతు డబ్బిచ్చి కొన్నదాన్ని ఇవాళ ఇంకో రైతు డబ్బిచ్చి చంపిస్తున్నాడు. పెరట్లో, ప్రహరీ పక్కన, వేపచెట్టు మొదట్లో ఉన్న పుట్ట వల్ల మీకు నష్టమేమీ లేదు. దాని మానాన దాన్ని వదిలేయండి.

ఇంత చెప్పినా రేపు కొట్టుకు వెళ్ళేవాళ్ళు వెళతారు. వెళ్ళినప్పుడు డబ్బా మీద రెండు త్రిభుజాలు కలిసిన చతురస్రం గుర్తు చూడండి. ఎరుపు అంటే అతి విషం, పసుపు దాని తర్వాతది, నీలం ఆ తర్వాతది, ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువది. ఎరుపూ పసుపూ చేనుకు తెచ్చినవైతే ఇంటి గడప తొక్కనివ్వకండి. గుర్తూ పేరూ రిజిస్ట్రేషన్ నంబరూ ఏమీ లేకుండా కాగితంలో కట్టిచ్చే పొడిని కొనకండి, అలా అమ్మడం నేరం. మెట్ల కింద కూల్‌డ్రింకు సీసాలో పోసిపెట్టిన పత్తి మందు ఏదైనా ఉంటే, చీమల సంగతి తర్వాత, ముందు దాన్ని పిల్లలకు అందని చోట పెట్టి తాళం వేయండి.